అద్దం మీద రాయాల్సిన మాట

అతనికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం అందరూ గాభరా అనే పిలుస్తారు. ఆ పేరుకి అతను తెచ్చిపెట్టిన కీర్తి అంతా ఇంతా కాదు. వంటింట్లో చెంచా కిందపడితే చాలు, ముందుగదిలో కూర్చున్న మనిషి రెండు చేతులూ ముఖం ముందు పెట్టుకుని వేళ్ళన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటాడు. మబ్బు పడితే ఇల్లు కురుస్తుందని, ఎండ కాస్తే గోడలు పగులుతాయని, ఏదీ కాకపోతే ఇంతసేపూ ఏమీ కాలేదేమిటని బెంగ. తలదిండులో సూది ఉందేమోనని రోజూ తడిమి చూసుకున్నాక గానీ తల వాల్చని మగాణ్ణి ఇంకొకణ్ణి చూపించండి, ఈ కథ ఇక్కడితో ఆపేసి ఎవరింటికి వాళ్ళం వెళ్ళిపోదాం.

ఇలాంటివాడు దూది అమ్ముకోవాలి. కాదంటే ఉన్ని అమ్ముకోవాలి. ఇతను మాత్రం కిటికీలకి అద్దాలు బిగించే పనిలో చేరాడు.

చేర్చుకున్న పెద్దమనిషే తర్వాత అతనికి పిల్లనిచ్చి మామ అయ్యాడు. మామది మూడు తలుపుల అద్దాల కొట్టు. లోపల గోడ పొడవునా చెక్క అరల్లో అద్దాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటాయి. తలుపు తీస్తే వెలుగు వాటి అంచుల మీద పచ్చగా పాకుతుంది. గాభరా మొదటిరోజు ఆ అరల ముందు నిలబడి ఊపిరి బిగబట్టాడట. గట్టిగా వదిలితే పగులుతాయేమోనని. చూసినవాళ్ళంతా నవ్వారు గానీ మామ నవ్వలేదు.

"ఇన్నేళ్ళలో ధైర్యవంతుల్ని చాలామందిని పెట్టుకున్నానయ్యా. ఒక్కొక్కడు పని మానేశాక చీపురు పట్టుకుని వారం రోజులు ఊడ్చాను. నాకు భయపడేవాడే కావాలి," అన్నాడు.

కూతుర్నిచ్చేటప్పుడూ ఇదే లెక్క. అద్దాన్నే పడెయ్యనివాడు నా పిల్లని పడేస్తాడా అన్నాడు. ఆ పిల్ల ఇప్పటికీ, "మా ఆయన నన్ను కూడా రెండు చేతుల్తో అంచులు పట్టుకునే లేపుతాడు," అని నవ్విస్తూ ఉంటుంది.

ఆ కొట్లో సరుకు ఒకటే, దానికి పేర్లు మాత్రం వచ్చినవాడికొకటి. ఇల్లు కట్టుకునేవాళ్ళు గ్లాసు అంటారు. మేస్త్రీలు షీటు అంటారు. ముసలివాళ్ళు గాజుపలక అంటారు. ఒకావిడైతే ఏ పేరూ తట్టక, "అదేనయ్యా, చలి రాకుండా మూసేది, అయినా మూసినట్టుండదూ, అది," అని గాల్లో చేతులతో చదరం గీసి చూపించింది. మామ ఎవరినీ దిద్దడు. ఎవరేమన్నా అర చూసి సరిగ్గా అదే తీసిస్తాడు. కానీ ఒకసారి అద్దం చేతికెత్తుకుని వీధిలోకి దిగాడంటే, ఇంక ఆయన నోట ఒక్కటే మాట.

"వీధిలో 'గ్లాసు, గ్లాసు' అంటూ నడిచామనుకో, పాపం దాహంగా ఉందేమోనని నీళ్ళు పట్టుకొస్తారు. 'గాజు, గాజు' అన్నామా, ఆడవాళ్ళు చేతులు చాపుకుని ఎదురొస్తారు. 'షీటు' అంటే బస్సులో సీటు దొరికిందనుకుని ఎగబడతారు. 'అద్దం' అని చూడు అల్లుడూ, ఎద్దు కూడా పక్కకి తప్పుకుంటుంది."

ఆ మాటనీ ఒకేలా పలకరు. దారి ఇమ్మనడానికైతే సాగదీసి, పాడినట్టు, "అద్దా...ం." ఆగిపొమ్మనడానికైతే కొరికినట్టు, "అద్దం!" ఒకసారి సంతమధ్యలో మామ ఆ పొట్టి కేక వేస్తే, పారిపోతున్న దొంగా తరుముతున్న పోలీసూ ఇద్దరూ ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోయారు. ముందెవరు కాలు దించాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇది కాస్త తగ్గించి చెప్పిన సంగతే.

అద్దం బిగించడం అయ్యాక ఆ మాట నోటిలోంచి వేలి మీదికి వస్తుంది. సున్నం డబ్బాలో వేలు ముంచి, మనిషి కంటి ఎత్తున, అడ్డంగా, పెద్దగా 'అద్దం' అని రాస్తారు. కడిగిన కొత్త అద్దం అక్కడుందని తెలిసేదాకా ఎవరికీ కనపడదు మరి. గాలే అనుకుని నడిచేస్తారు. రాత కనపడితే ఆగుతారు. ఇక్కడ పద్ధతి ఒకటుంది. రాసినవాడు తుడవకూడదు. ఇంట్లోవాళ్ళకి ఆ అద్దం అలవాటై, ఇంక అక్కర్లేదనుకున్నప్పుడు వాళ్ళే తుడుచుకోవాలి. కొందరు మర్నాడే తుడిచేస్తారు, కొందరిళ్ళలో పిల్లలు ఆ రాత చూసే అక్షరాలు నేర్చుకుంటారు. అది వాళ్ళిష్టం.

గాభరా ఈ పద్ధతిని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, వెంటిలేటరుకి బిగించిన అరచేయంత ముక్క మీద కూడా నిచ్చెనెక్కి రాసొచ్చేవాడు. అక్కడికి ఎవరు నడుస్తారయ్యా అంటే, పావురాలు రావా అనేవాడు.

ఇక అక్క. ఈ గాభరాని పెంచింది ఆవిడే. అమ్మ పోయాక చొక్కాలు కుట్టింది, అన్నం పెట్టింది, అవసరమైనప్పుడు వీపు మీదా ఒకటిచ్చింది. తోబుట్టువులకి భయం పంచేటప్పుడు తన వాటా కూడా తమ్ముడికే ఇచ్చేసినట్టుంది, దేనికీ జంకదు. చిన్నప్పుడొచ్చిన జ్వరంలో ఆవిడ ఎడమకన్ను చూపు పోయింది. ఉన్న కుడికంటితోనే సూదిలో దారం ఎక్కించి, కాజాలు కుట్టి, కత్తిరింపు నేర్చుకుని, చివరికి సొంతంగా కుట్టుకొట్టు పెట్టింది. ముందుగదిలో వరసగా మెషిన్లు, వాటి మీద కుట్టే అమ్మాయిలు. వెనకగదిలో గుడ్డ కత్తిరించే బల్ల, ఇస్త్రీ బల్ల. అక్క రోజంతా ఆ గదిలోంచి ఈ గదిలోకి, చేతిలో పెద్ద కత్తెరతో, తల కొంచెం ఎడమకి తిప్పి, పరుగులాంటి నడకతో తిరుగుతూనే ఉంటుంది. ఆ కంటి మీదే కొట్టు నడుస్తోంది. ఆ మాట ఆవిడకీ తెలుసు, తమ్ముడికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

రెండు గదుల మధ్యా గోడలో వెడల్పాటి దారి, తలుపు లేకుండా. ఇస్త్రీ ఆవిరంతా దానిలోంచే ముందుగదిలోకి వచ్చేది. మెషిన్ల అమ్మాయిలు చెమటలతో గుడ్డలు మరకలు చేస్తున్నారు.

"ఆవిరి అటు పోకూడదు. నా చూపు మాత్రం అటు పోవాలి. ఏం చేస్తావో చెయ్యి," అంది అక్క.

గాభరా నాలుగురాత్రులు నిద్రపోకుండా ఆలోచించాడు. ఆ దారి మొత్తాన్నీ కింద గడప నుంచి పైదాకా ఒకే అద్దంతో మూసి, మనుషులు తిరగడానికి పక్కగోడలో తలుపు కొట్టించాడు. అంత పెద్ద అద్దం తన చేతుల మీదుగా ఎప్పుడూ బిగించలేదు. ఆ పొద్దున మామా తనూ కలిసి దాన్ని లోపలికి తెచ్చి, చుట్టూ చెక్క బద్దెలు కొట్టి, సందులు పూడేలా లప్పం పెట్టి నున్నగా తీర్చేసరికి ఎండ ముదిరింది. అక్క అప్పటికే దారాలూ లైనింగులూ కొనడానికి బజారుకి వెళ్ళింది. మామ తాడూ సంచులూ సర్దుకుంటూ వీధిలోకి నడిచాడు. గాభరా సున్నంలో వేలు ముంచి, కంటి ఎత్తున, గుండ్రంగా 'అద్దం' అని రాశాడు.

అప్పుడే బావ లోపలికొచ్చాడు. అక్క మొగుడు. కుట్టిన బట్టలు సైకిలు మీద ఇళ్ళకి చేరవేయడం ఆయన పని. దారిపొడుగునా జనాన్ని ఏడిపించడం దాంతోపాటు జరిగిపోతుంది.

"ఏంట్రా బావమరిదీ ఇది? అద్దం మీద అద్దం అని రాశావు? రేపు కత్తెర మీద కత్తెర అని రాస్తావా? నా నుదుటి మీద బావ అని రాస్తావా?"

"నీ నుదుటి మీద ఏం రాసుందో మా అక్కకి తెలుసులే బావా. అది అలా ఉండాలి. అలవాటయ్యాక మీరే తుడుచుకోండి."

"అబ్బే, నాకు తెలుసు. లోపల గీతలుండి ఉంటాయి. మరక కనపడకుండా సున్నం పూశావు. మా పెళ్ళాం పిచ్చిది కాబట్టి తమ్ముడంటే నమ్మేస్తుంది."

మెషిన్ల దగ్గర ఒకమ్మాయి కిసుక్కుమంది. గాభరాని పిరికివాడు అంటే తల ఊపుతాడు, అవునంటాడు. వాడి అద్దంలో గీతలున్నాయంటే మాత్రం... ఎంతటివాడికైనా ఒక్కచోట రోషం దాగి ఉంటుంది కదా.

"గీతలా? చూపించు. ఏదీ చూపించు!"

పాత పేపరు ఉండచుట్టి, నీళ్ళు చిలకరించి, తుడవడం మొదలుపెట్టాడు. సున్నం పోయింది, వేలిముద్రలు పోయాయి, లప్పం చమురు పోయింది. ఇంకా తుడిచాడు. చివరికి అద్దమే పోయింది. దానివెనక ఇస్త్రీ బల్లా, గోడ మేకుకి వేలాడే టేపూ, బల్ల మీద సగం కత్తిరించిన నీలం గుడ్డా మధ్యలో ఏమీ లేనట్టు నిలబడ్డాయి. ఒక ఈగ ధీమాగా ఎగిరొచ్చి దానికి కొట్టుకుని, కిందపడి, కాసేపు తన పుట్టుక గురించి ఆలోచించుకుంది.

బావ చెయ్యి చాపుకుంటూ మెల్లగా నడిచాడు. వేళ్ళు తగలగానే ఉలిక్కిపడ్డాడు. "ఒరేయ్, ఇక్కడ గాలి గడ్డకట్టిందిరా!"

గాభరా పుట్టి బుద్ధెరిగాక అంత గర్వపడింది అదే మొదలు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఇంక మళ్ళీ రాసేద్దామని డబ్బా కోసం వంగబోతుంటే వీధిలోంచి మామ గొంతు వినపడింది. "అల్లుడూ, ఆ ఫోటో స్టూడియో ఆయన నా ప్రాణం తీస్తున్నాడు. రా, ఇంకా అద్దం మోయాలి." బావ మూట సైకిలుకి కట్టుకుని నవ్వుకుంటూ పోయాడు. గాభరా డబ్బా చంకన పెట్టుకుని, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి తన అద్దాన్ని ఇంకోసారి చూసుకుని, అంటే చూడబోయి కనపడక మురిసిపోయి, వెళ్ళిపోయాడు.

ఫోటో స్టూడియో సందులోపల ఉంది. బండి పోదు. కొట్టు నుంచి ఇద్దరూ అద్దాన్ని నిలువుగా పట్టుకుని నడవాల్సిందే. ముందు మామ, వెనక గాభరా. ఒకచేత్తో అడుగు అంచు, ఒకచేత్తో పై అంచు. అడుగులు కలిసి పడాలి. మామ సాగదీసి, "అద్దా...ం," అంటే గాభరా అందుకుని, "అద్దా...ం," అనాలి. కూరల బజారు దాటారు. పాత్రల వీధిలోకి మళ్ళారు. మామ అన్నాడు, గాభరా అన్నాడు. మళ్ళీ మామ అన్నాడు. గాభరా నోరు తెరిచాడు. 'అద్...' అన్నదగ్గర ఆ మాట ఆగిపోయింది.

తను దాన్ని తుడిచేశాడు.

అక్క వెనకగుమ్మంలోంచి వస్తుంది. దారాల సంచి బల్ల మీద పడేసి, కత్తెర తీసుకుని, ఎప్పుడూ వెళ్ళే దారినే, ఆ మధ్యదారినే, ముందుగదిలోకి నడుస్తుంది. నడవడమా? పరుగే. ఆగమని చెప్పేవాళ్ళెవరు? బావ లేడు. అమ్మాయిల మెషిన్లు వెలుగు కోసం వీధివైపు తిరిగుంటాయి, వాళ్ళ వీపులే అద్దంవైపు. ముఖమంతా ముందుకి పెట్టి నడిచే మనిషి. కత్తెర మొన పైకి పట్టుకుని నడిచే మనిషి. ఉన్నది ఒక్క కన్ను.

"మామయ్యా!"

"అనవేం? నేనొక్కణ్ణే అరవాలా?"

"మామయ్యా, అక్క కొట్లో రాత తుడిచేశాను!"

మామ నడక ఆగలేదు. మోస్తూ మధ్యలో ఆగితే బరువు ఊగుతుంది. "ఎవరు తుడిచారు?"

"నేనే! బావ గీతలున్నాయన్నాడు!"

"నువ్వే?" ఇన్నేళ్ళలో మొదటిసారి మామ మోస్తూ మెడ వెనక్కి తిప్పాడు. "మీ అక్క చూసిందా అద్దం పెట్టడం?"

"చూళ్ళేదు!"

వెనక్కి తిరుగుదామంటే ఆ ఇరుకులో అంత అద్దం తిరగదు. కింద పెడదామంటే గతుకుల రాళ్ళు. పరుగెడదామంటే, అద్దంతో పరుగెత్తినవాళ్ళ కథలు చెప్పడానికి వాళ్ళు మిగలరు. ఒక్కటే దారి. అలాగే, ఆ నత్తనడకతోనే, ఒక అడుగు, ఇంకో అడుగు, ఎక్కడైనా చోటు దొరికేదాకా నడవడం. కడుపులో గుర్రాలు పరుగెడుతుంటే కాళ్ళు ఊరేగింపులో ఏనుగుల్లా కదలాలి. దేవుడు ఇంతకన్నా కొత్తరకం శిక్ష కనిపెట్టి ఉండడు.

సరిగ్గా అప్పుడు చొక్కా జేబులో ఫోను మోగింది.

రెండు చేతులూ అద్దానికే ఉన్నాయి. గడ్డంతో జేబుని నొక్కి చూశాడు. ఫోను మోగుతూనే ఉంది. ఎవరిదో తెలియదు. అక్కదైతే బతికే ఉన్నట్టు. అక్కది కాకపోతే? కొట్లోంచి ఎవరో చేస్తున్నట్టు. ఎవరో ఎందుకు చేస్తారు?

పాత్రల కొట్టాయన జాలిపడి ముందుకొచ్చాడు. "పాపం, ఫోను నేను తియ్యనా తమ్ముడూ?" అని జేబువైపు చెయ్యి చాపాడు.

"అద్దం!" అని కొరికాడు మామ. ఆయన వెనక్కి ఎగిరి తన బిందెల మీదే కూర్చున్నాడు. బిందెలన్నీ దొర్లుకుంటూ పోయాయి. ఆ మోత తగ్గేసరికి ఫోను ఆగిపోయింది. ఆగిపోవడం ఇంకా ఘోరం.

వీధి చివర పరుపుల కొట్టు. బయట పరుపులు నిలువుగా ఆనించి ఉన్నాయి. మామ అడగలేదు, అటే నడిచాడు. ఇద్దరూ అద్దాన్ని మెత్తగా ఒక పరుపు మీదికి వాల్చారు.

"ఏయ్ ఏయ్, ఇదేంటి? ఇది పరుపుల కొట్టయ్యా, మీ అద్దాలకి జ్వరమొస్తే పడుకోబెట్టే చోటు కాదు!" అని కొట్టువాడు లోపల్నుంచి లేచాడు.

"ఇంకో పరుపు తీసుకురా, నేనూ పడుకుంటాను. అల్లుడూ, నువ్వు పరుగెత్తు," అన్నాడు మామ.

ఫోను చూశాడు. అక్క నెంబరే. తిరిగి చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఇంక గాభరా పరుగందుకున్నాడు. అద్దం మోయడానికి వేసుకున్న తోలు తొడుగులు చేతులకి ఉండగానే, చెప్పు ఒకటి ఊడిపోతే అది తనది కాదన్నట్టు వదిలేసి పరుగెత్తాడు. బస్సొకటి పక్కనుంచి వస్తుంటే దాన్ని దాటేశాడని బస్సులో ఉన్నవాళ్ళే చెప్పారు. మనసు మాత్రం కాళ్ళకంటే ముందే వెళ్ళి, అక్కడ నేలమీద రకరకాలుగా అక్కని పడుకోబెట్టి చూసొస్తోంది.

కొట్టు ముందుగుమ్మంలోంచి దూరగానే అద్దం అవతల అక్క కనపడింది. నిలబడే ఉంది. అయినా గొంతులో దారిపొడుగునా అణచిపెట్టిన కేక ఆగుతుందా?

"అద్దం!!"

మెషిన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. అమ్మాయిలు తొక్కే కాళ్ళు గాల్లోనే ఉంచారు. కొలతలివ్వడానికి వచ్చిన ఒకాయన చేతులు పైకెత్తేశాడు, తుపాకీ చూపించినట్టు.

అక్క మాత్రం తిరిగి చూడలేదు. అద్దానికి రెండు జానల దూరంలో కిటికీ వెలుగుకేసి నిలబడి ఉంది. చేతిలో సూది. దారం ఎక్కించింది, లాగేసింది, మళ్ళీ ఎక్కించింది. నుదురు బాగానే ఉంది. ముక్కు బాగానే ఉంది. రక్తం లేదు. గాభరా నవ్వబోయాడు. అప్పుడు ఆవిడ వేళ్ళు చూశాడు. వణుకుతున్నాయి. అక్క వేళ్ళు వణకడం అతను ఎప్పుడూ చూడలేదు. అమ్మ పోయిన రోజు కూడా.

పక్కతలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"అక్కా! తగిలిందా? ఎక్కడ తగిలింది? చూపించు, తల తిప్పు, నా వేలు చూడు!"

"తలుపు వెయ్యి. అరవకు. ఒక్కటి చెప్పు," అంది అక్క. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "అద్దం మీద రాశావా, లేదా?"

"రాశానక్కా."

అక్క కళ్ళు మూసుకుంది. చెయ్యి బల్ల అంచు కోసం వెతికింది.

"రాశాను గానీ... తుడిచేశాను. బావ ఏదో అన్నాడని నేనే తుడిచేశాను. తప్పయిపోయింది. నన్ను..."

"తుడిచేశావా?"

"పేపరుతో."

"అంటే ఇప్పుడు దాని మీద ఏమీ లేదు."

"ఏమీ లేదు."

అక్క ఊపిరి వదిలి బల్ల పక్కన స్టూలు మీద కూలబడింది. తర్వాత లేచి తమ్ముడి వీపు మీద ఫెడీమని ఒకటిచ్చింది. మళ్ళీ కూర్చుంది.

"ముందు కత్తెర తగిలింది. ఠక్కుమంది. దాంతో ఆగాను. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా, నున్నగా. ఓహో అద్దం పెట్టేశాడు అనుకున్నాను. పెడితే రాస్తావు కదా. నువ్వు రాయకుండా వదలవు కదరా, పావురాలక్కూడా రాస్తావు. వెతికాను. ఇటునుంచి చూశాను, అటునుంచి చూశాను. రాత లేదు. వాడు రాసే ఉంటాడు, నాకే కనపడట్లేదు అనుకున్నాను. ఉన్న కన్నూ పోతోంది, ముందు తెల్లటివి పోయాయి, ఇంక నల్లటివి పోతాయి అనుకున్నాను." సూది కేసి చూసుకుంది. "అప్పట్నుంచి ఇది ఎక్కిస్తున్నాను. ఎక్కుతోంది. అయినా వేళ్ళకి అలవాటైపోయి ఎక్కుతోందేమో, కన్నుతో పనిలేకుండా. నీకు ఫోను చేస్తే ఎత్తవు."

"అద్దం మోస్తున్నానక్కా. తర్వాత చేస్తే నువ్వు ఎత్తలేదు."

"భయమేసింది. ఏం చెబుతావోనని."

"అమ్మాయిల్ని అడగాల్సింది కదా."

"ఏమని? అద్దం మీద రాతుందా, నాకు కనపడట్లేదు అనా? సాయంత్రానికి వీధంతా పాకుతుంది. రేపు ఒక్కడు గుడ్డ తెచ్చి నా ముందు పెడతాడా?"

ఇన్నేళ్ళూ గాభరా ఎన్ని రకాలుగా భయపడ్డాడో లెక్కలేదు. ఇల్లు కూలుతుందన్నాడు, వేళ్ళు తెగుతాయన్నాడు, బస్సు బోల్తాపడుతుందన్నాడు. ఇది మాత్రం తట్టలేదు. తగలకుండానే, పగలకుండానే, ఉన్న కన్ను ఉండగానే మనిషికి అది పోయిందనిపించేలా చేయొచ్చని అతని బుర్రలోకి ఎప్పుడూ రాలేదు.

"రాయి. ఇప్పుడే రాయి. నేను చూస్తాను," అంది అక్క.

చంకన సున్నం డబ్బా లేదు. అద్దం ఎత్తేముందే మామ కొట్లో దించేశాడు. ఇస్త్రీ బల్ల పక్కన గుడ్డ మీద గీసే సుద్దముక్కని తడిపి, అద్దం మీద పెద్దగా రాశాడు. అక్క ఎదురుగోడ దాకా వెనక్కి వెళ్ళి నిలబడింది.

"అద్దం," అంది. "చిన్నగా రాయి."

కింద చిన్నగా రాశాడు.

"అద్దం. ఇంకా చిన్నగా."

గోరంత రాశాడు.

"అద్దం. ఇంకా."

చీమంత రాయబోతూ సుద్ద ఆనించాడో లేదో అక్క, "అద్దం," అనేసింది.

గాభరా చెయ్యి ఆగిపోయింది. ఏం రాస్తాడో ముందే తెలిసినదాన్ని చదవడానికి కన్నెందుకు? అక్క చదవడం లేదు. అప్పజెబుతోంది. ఆవిడకి ఆ సంగతి తట్టలేదు. తట్టకుండా ఉండడమే మంచిదా? తెలుసుకోవాలా? తెలుసుకుని ఏం చేస్తాడు? సుద్దముక్క పట్టుకుని అద్దంకేసి తిరిగి నిలబడ్డాడు. తన వీపుతో రాత కనపడకుండా అడ్డుపెట్టి, అంతే చిన్నగా, ఇంకో రెండు మాటలు రాశాడు. రాసి పక్కకి తప్పుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

అక్క మాట్లాడలేదు.

మాట్లాడలేదు.

ముందుగదిలో ఒక మెషిన్ మొదలై మళ్ళీ ఆగింది.

"అ..." అంది అక్క. గాభరా ప్రాణం జారిపోయింది. "అ... అరే, అది కాదే. బా. బావ... బావ మొద్దు." చదివింది అర్థమయ్యేసరికి తల ఎత్తింది. "ఒరేయ్! ఎవర్రా మొద్దు? కట్టుకున్న మొగుణ్ణి పట్టుకుని నా కొట్లో, నా సుద్దతో!"

గాభరా కళ్ళు తెరిచాడు. అక్క నవ్వుతోంది. నవ్వుతూ కొంగుతో కుడికన్ను ఒత్తుకుంటోంది. అద్దం అవతల అమ్మాయిలకి అక్షరాలు తిరగబడి కనపడుతున్నాయి. ఒకత్తి తల వంచి, ఒకత్తి మెడ తిప్పి, కూడబలుక్కుని చదువుకున్నారు. అంతే, ముందుగది కూడా గొల్లుమంది. కొలతలాయన ఇంకా చేతులు దించలేదు, ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆయనా నవ్వాడు.

"తుడిచేస్తానక్కా."

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను. రాసినవాడు తుడవకూడదు కదా, మీ పద్ధతి? మీ బావ వచ్చి చదువుకోవాలి. పైన పెద్దరాత కూడా ఉంచు. నేను చెప్పేదాకా ఎవరూ తుడవకండి."

జేబులో ఫోను మోగింది. ఈసారి మామ. "అల్లుడూ, మీ అక్క?"

"బాగుంది మామయ్యా. ఏమీ కాలేదు. చదివింది కూడా."

"చదవడమేంటి? సరే, తర్వాత చెబుదువుగాని, తొందరగా రా. పరుపులవాడు నన్ను కొనుక్కుంటావా వెళతావా అని అడుగుతున్నాడు."

"వెళ్ళు, వెళ్ళు," అంది అక్క. "ఒంటికాలి చెప్పుతో ఎలా వచ్చావురా? నీ రోగం నాకు అంటించడానికి వచ్చావు." కత్తెర తీసుకుంది. కత్తిరించిన నీలం గుడ్డ భుజాన వేసుకుంది. "ఏమే, నవ్వింది చాలు, చేతులు కదలాలి!" అని అవతలికి కేకేస్తూ పక్కతలుపు కేసి నడిచింది.

గాభరా ముందే వెళ్ళి తలుపు బార్లా తీసి పక్కకి తప్పుకున్నాడు. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. అక్క గుమ్మం ముందు ఆగింది. కత్తెర ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి ముందుకి చాపి, వేళ్ళు విప్పి, ఆ ఖాళీని అటూ ఇటూ తడిమింది. అప్పుడు గానీ కాలు అవతల పెట్టలేదు.